దండీలు తీసినా రాని వీపు బలం: ఒంటి బరువును లాగడంలోని లెక్క

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం లాంటి సరిహద్దు ఊళ్లలో కసరత్తు అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి దండీలు, బస్కీలు. వీరఘట్టంలో పుట్టి, ఏనుగును ఛాతీమీద నిలుపుకున్న కోడి రామమూర్తి నాయుడి కథలు వింటూ పెరిగిన ఇళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు పొద్దున్నే డాబా ఎక్కి యాభై దండీలు తీస్తారు. అదే కుర్రవాణ్ణి పాఠశాల మైదానంలోని ఇనుప కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగమంటే ఒక్కసారి కూడా గడ్డం కడ్డీ దాటదు. నేను ఇది చాలామందిలో చూశాను. వాళ్లు బలహీనులు కారు. వాళ్ల బలమంతా ఒంటి ముందు వైపు పోగుపడింది, అంతే.

దండీలో మనం నేలను తోస్తాం. చేతులు నిటారుగా ఉన్న స్థితిలో ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు అరచేతుల మీద ఉంటుంది. ఆ బరువును మోసేవి ఛాతీ, భుజాల ముందు భాగం, మోచేతికి పైన వెనక వైపున్న కండరం. బస్కీలో తొడలు, పిరుదులు పనిచేస్తాయి. ఈ రెండింటినీ ఎన్ని వందలు తీసినా ఏదైనా ఒక వస్తువును పట్టుకుని మన వైపు లాక్కోవడం అనే పని ఒక్కసారి కూడా రాదు. పాత తాలింఖానాల్లో తాడెక్కడం ఉండేది. ఇళ్లలో నూతి నుంచి నీళ్లు చేదడం ఉండేది. ఆ లాగే పని వేరే దారిలో అందేది కాబట్టి దండీల లోటు బయటపడేది కాదు. ఇప్పుడు నూతికి మోటారు ఉంది, తాడు లేదు, దండీలు మాత్రం మిగిలాయి.

లాగడం అంటే ఏమిటో చూడాలనుకుంటే బరంపురం నుంచి గోపాలపూర్ దగ్గరే. అక్కడి తీరంలో నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారులు అలివి వలను ఒడ్డుకు లాగుతారు. మోకును రెండు చేతులా పట్టుకుని, మడమలు ఇసుకలో గుచ్చి, ఒళ్లంతా వెనక్కి వాలుస్తారు. తల నుంచి మడమ దాకా ఒకే గీత. నడుము వంగదు, మెడ ముందుకు రాదు. తమ ఒంటి బరువునే సముద్రం మీద వేసి లాగుతున్నారు. వ్యాయామశాలల్లో రో అనీ, ఇన్వర్టెడ్ రో అనీ పిలిచే కసరత్తులో ఒంటి భంగిమ సరిగ్గా ఇదే. తేడా ఒక్కటుంది. వల లాగేవాళ్లు చేతులు దాదాపు చాచే ఉంచి, కాళ్లతో వెనక్కి నడుస్తారు. పట్టు, నడుము, కాళ్లు బలపడతాయి గానీ మోచేతులు పూర్తిగా వెనక్కి రావు. రోలో కాళ్లు కదలవు. ఒంటిని కడ్డీ దగ్గరకు తీసుకుపోయే పనంతా చేతులూ వీపూ చేస్తాయి.

చేసే విధానం చెప్పడానికి తేలిక. నడుము ఎత్తులో గట్టిగా బిగించిన కడ్డీని పట్టుకుని, దాని కిందికి వాలి, మడమలు నేలకు ఆనించి, ఒంటిని కర్రలా ఉంచి, ఛాతీ కింది భాగం కడ్డీకి తగిలేలా పైకి లాగాలి. మళ్లీ నెమ్మదిగా చేతులు పూర్తిగా చాచుకునే దాకా దిగాలి. ఇంత మామూలుగా కనిపించే పనిలో జనం ఎందుకు తికమకపడతారంటే, ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎంత బరువు లాగుతున్నాం? ఆ బరువును ఎవరు లాగుతున్నారు, వీపా, చేతులా?

ముందు బరువు సంగతి. ఇనుప బరువులు ఎత్తేవాళ్లకు లెక్క పళ్లెం మీదే రాసి ఉంటుంది. ఒంటి బరువుతో చేసేవాళ్లకు కోణమే లెక్క. మడమలు నేలమీద ఒక కీలులా పనిచేస్తాయి. మన బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు నిలబడిన మనిషిలో ఎత్తులో సగానికి కాస్త పైన, బొడ్డుకు కొంచెం కింద ఉంటుంది. చేతులు పట్టుకునేది ఛాతీకి ఎదురుగా. అంటే మడమ నుంచి బరువు బిందువుకున్న దూరం, మడమ నుంచి ఛాతీకున్న దూరంలో సుమారు ముప్పావు వంతు. అందుకే ఒళ్లు నేలకు పూర్తిగా సమాంతరంగా ఉన్నప్పుడు చేతుల మీద పడేది ఒంటి బరువులో ముప్పావు వంతు. అరవై కిలోల మనిషికి సుమారు నలభై అయిదు కిలోలు. మిగిలినది మడమలు మోస్తాయి.

ఒళ్లు లేచే కొద్దీ ఆ బరువు తగ్గుతుంది. అయితే సమంగా తగ్గదు. అదే అరవై కిలోల మనిషి నేలకు అరవై డిగ్రీల కోణంలో, అంటే నిలువుకు దగ్గరగా వాలి ఉంటే, లాగాల్సింది ఇరవై రెండు, ఇరవై మూడు కిలోలే. నలభై అయిదు డిగ్రీలకు దిగితే ముప్పై రెండు దాకా వస్తుంది. ముప్పై డిగ్రీలకు ముప్పై తొమ్మిది. అక్కడి నుంచి పూర్తిగా సమాంతరానికి దిగినా పెరిగేది ఆరు కిలోలు మాత్రమే. పాఠశాలలో చదివిన కొసైన్ ఇక్కడ పనికొచ్చింది. మొదట్లో పాదాలు ఒక్క జానెడు ముందుకు జరిపినా బరువు బాగా మారుతుంది. ఒళ్లు బాగా కిందికి వచ్చాక మరో జానెడు జరిపినా అంత తేడా ఉండదు. తొలి నెలలో చకచకా ముందుకు సాగినవాళ్లు తర్వాత ఆగిపోయామని దిగులుపడటానికి ఇదొక కారణం. ఆగిపోయింది వాళ్లు కాదు, కోణం ఇచ్చే లాభం.

మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనిస్తే కీలు ఒంటికి దగ్గరగా జరుగుతుంది. అప్పుడు చేతుల మీది బరువు మరింత తగ్గుతుంది. సమాంతరంగా ఉన్నా ముప్పావు వంతు బదులు అయిదింట మూడు వంతుల దగ్గర ఉంటుంది. కొత్తవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు, యాభై దాటినవాళ్లకు ఇది చక్కని ఆరంభం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే విప్పాలి. కింద నుంచి పైకి వచ్చేసరికి చివరి బెత్తెడు దూరం దాటడం అందరికీ కష్టమే. పైకి వెళ్లేకొద్దీ బరువు పెరుగుతోందని అనుకుంటారు. నిజానికి ఒళ్లు లేస్తున్న కొద్దీ కోణం పెరిగి బరువు కాస్త తగ్గుతుంది. కానీ కండరం బాగా కుంచించుకుపోయిన స్థితిలో అది పుట్టించగల బలం కూడా పడిపోతుంది. ఆ చివరి బెత్తెడులోనే వీపు మధ్య కండరాలు పూర్తిగా ముడుచుకుంటాయి. కష్టంగా ఉందని సగం దాకా లాగి దిగిపోయేవాళ్లు ఏ భాగం కోసం ఈ కసరత్తు మొదలుపెట్టారో దాన్నే వదిలేస్తున్నారు. సగం లాగిన ఇరవై కంటే, పాదాలు వెనక్కి జరుపుకుని ఛాతీ కడ్డీకి తాకేలా లాగిన ఎనిమిది ఎన్నో రెట్లు మేలు.

ఇక రెండో ప్రశ్న. మన వీధిలో గుంటమగ్గం మీద జీవితమంతా పట్టు నేసిన ఒక పెద్దాయన ఉన్నారు. బరంపురం పట్టు నేతలో తెలుగు కుటుంబాల చెయ్యి పెద్దదే. ఆయన రోజంతా గుంటలో కాళ్లు పెట్టుకుని, ఒక చేత్తో నాడె తాడు లాగుతూ, మరో చేత్తో పేకను బిగగొడుతూ కూర్చుంటారు. భుజాలు ముందుకు వాలిపోయి, మెడ కింద ఎప్పుడూ సలుపు. అరుగు మీది స్తంభానికి పొడవాటి తువ్వాలు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని వెనక్కి వాలి లాగమని చెప్పాను. వారం తర్వాత పిలిచి, "బాబూ, నువ్వు చెప్పినట్టే లాగుతున్నాను. చేతులు పట్టేస్తున్నాయి గానీ వీపుకేమీ తెలియడం లేదు" అన్నారు.

నూటికి తొంభై మంది ఫిర్యాదు ఇదే అనిపిస్తుంది నాకు. ఆయన లాగుతుంటే పక్కన నిలబడి చూశాను. మోచేతులు చకచకా మడుస్తున్నారు. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. వీపు మీది రెండు రెక్క ఎముకలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నా చూపుడువేలు ఆ రెండింటి మధ్య వెన్ను మీద ఆనించి, "మామయ్య గారూ, చేతులు మడవకండి. చాచిన చేతులు చాచినట్టే ఉంచి, ఈ వేలిని రెండు ఎముకల మధ్య నొక్కి పట్టుకోండి చూద్దాం" అన్నాను. మొదట మెడ బిగించారు. తర్వాత నడుము వంచారు. కాసేపటికి ఒళ్లు రెండంగుళాలు ముందుకు కదిలింది, మోచేతులు కదలలేదు. "ఓహో, ఇక్కడా!" అన్నారు. ఆ రెండంగుళాల కదలికే వీపుతో చేసే రోకు మొదలు.

లోపల జరిగేది ఇదీ. వీపు అంటే ఒకే కండరం కాదు. చంకల కింద మొదలై నడుము దాకా విసనకర్రలా పరుచుకున్న వెడల్పాటి కండరాన్ని వ్యాయామశాల కుర్రవాళ్లు లాట్స్ అంటారు. పైచేతిని కిందికి, వెనక్కి తీసుకొచ్చేది అదే. రెక్క ఎముకలకూ వెన్నెముకకూ మధ్య రాంబాయిడ్లు, వాటిపైన మెడ నుంచి వీపు మధ్య దాకా పరుచుకున్న ట్రెపీజియస్ ఉంటాయి. రెక్క ఎముకలను దగ్గరకు చేర్చడం వాటి పని, కిందికి దించి పట్టుకోవడం ట్రెపీజియస్ కింది భాగం పని. భుజం వెనక భాగంలో మరో చిన్న కండరం ఉంటుంది. వీటిలో ఎక్కువ కండరాలు పట్టే చోటు రెక్క ఎముక. అది కదలకపోతే వీటిలో సగానికి పని ఉండదు. భారమంతా మోచేతిని మడిచే కండరాల మీద పడుతుంది. అవి చిన్నవి, ముందే అలిసిపోతాయి. చేతులు పట్టేస్తున్నాయని పెద్దాయన అన్నది అక్షరాలా నిజం.

అందుకే కొత్తవాళ్లకు మొదటి వారమంతా చేతులు మడవకుండా రెక్క ఎముకలను దగ్గరకు చేర్చి వదలడం ఒక్కటే చేయిస్తాను. తర్వాత అసలు రో. దిగేటప్పుడు రెక్క ఎముకలు పూర్తిగా విచ్చుకునేలా ముందుకు వదలాలి. లేచేటప్పుడు ముందు అవి దగ్గరవ్వాలి, వెంటనే మోచేతులు వెనక్కి వెళ్లాలి. పిడికిలి పట్టు మీద కాకుండా మోచేతి మీద మనసు పెట్టి, మోచేతులను వెనక గోడకు తగిలిస్తున్నట్టు లాగితే చాలామందికి వీపు ఆనవాలు దొరుకుతుంది.

మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచితే లాట్స్ ఎక్కువ పనిచేస్తాయి. కాస్త ఎడంగా, పక్కటెముకల నుంచి నలభై అయిదు, డెబ్బై డిగ్రీల మధ్య తెరిస్తే భుజాల వెనక, వీపు మధ్య భాగాలకు పని పెరుగుతుంది. అరచేతులు మన వైపు తిరిగేలా పట్టుకుంటే మోచేతికి పైన ముందు వైపున్న కండరం ఎక్కువ సాయం చేస్తుంది. వీటిలో ఏది గొప్పదన్న వాదన అనవసరం. భుజానికి నొప్పి లేని పట్టు ఏదైతే అదే మనది.

బరంపురంలో ఇనుము మీద మోజు ఎక్కువ. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ కె.రవికుమార్ ఈ ఊరివాడే. ఆ గర్వం నాకూ ఉంది. ఆ గర్వంలోనే మా కుర్రవాళ్లు ఒంటి బరువుతో చేసే కసరత్తును పిల్లల ఆటగా కొట్టిపారేసి, నేరుగా బార్‌బెల్ (రెండు కొసలా బరువులు తగిలించిన ఇనుప కడ్డీ) పట్టుకుని వంగి లాగుతారు. ఇక్కడ ఒక పరిశోధన ప్రస్తావించాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 2009లో మూడు రకాల రోలను పోల్చింది. వంగి బార్‌బెల్‌ను లాగడం, నిలబడి ఒంటి చేత్తో కేబుల్‌ను లాగడం, కడ్డీ కింద వేలాడి ఒంటిని లాగడం. వీపు పై భాగాన్నీ లాట్స్‌నూ ఎక్కువగా పనిలో పెట్టింది మూడోది. అదే సమయంలో నడుము ఎముకల మీద భారం తక్కువగా ఉంది. వంగి లాగే పద్ధతిలో కండరాలు వీపంతటా పనిచేశాయి గానీ, నడుము మీద పడిన భారం మూడింటిలోకీ అదే ఎక్కువ.

కారణం ఊహించడం కష్టం కాదు. వంగి నిలబడినప్పుడు పై ఒంటి బరువునూ చేతిలోని ఇనుమునూ కలిపి నడుము ఆపాలి. కడ్డీ కింద వాలినప్పుడు ఒళ్లు మడమకూ చేతికీ మధ్య వంతెనలా నిలుస్తుంది. పిరుదులు, తొడల వెనక కండరాలు బిగుసుకుని ఆ వంతెనను నిలబెడతాయి. బలమైన నడుమున్న ఆరోగ్యవంతుడు బార్‌బెల్ రో మానేయాలని దీని అర్థం కాదు. నడుము ఇప్పటికే సతాయిస్తున్న మనిషికి, రోజంతా వంగి పనిచేసి వచ్చినవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో ఇది చెబుతుంది. పిరుదులు కిందికి జారిపోతే ఆ లాభం పోతుంది. జారుతున్నాయంటే కోణం మరీ కిందికి ఉందని గుర్తు. పాదాలు వెనక్కి జరపాలి.

నడుము నొప్పిని ఇది నయం చేస్తుందని నేను చెప్పను. నొప్పి కాలి కిందికి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా వ్యాయామం ఆపి వైద్యుడికి చూపించుకోవాలి. మలమూత్రాల మీద అదుపు తప్పితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. వాలిన భుజాలు నిటారవుతాయా అని కూడా అడుగుతారు. బలం వస్తే నిటారుగా ఎక్కువసేపు ఉండగలుగుతాం. పన్నెండు గంటలు మగ్గం మీదో ఫోను మీదో వంగి ఉండి వారానికి మూడుసార్లు లాగితే ఎముకల అమరిక మారిపోతుందని ఆశపడటం మాత్రం తగదు. మధ్యమధ్యలో లేవడం కూడా వ్యాయామంలో భాగమే.

పరికరం విషయంలో పొదుపు చేయవచ్చు, ప్రమాదం తెచ్చుకోకూడదు. అన్నిటికంటే మంచిది రెండు గోడల మధ్యో రెండు స్తంభాల మధ్యో బిగించిన గాల్వనైజ్డ్ ఇనుప గొట్టం. చేతికి పట్టు దొరికేలా అంగుళం నుంచి అంగుళంన్నర మందం చాలు. ప్లాస్టిక్ నీళ్ల గొట్టం వద్దే వద్దు. గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బిగింపుల దగ్గర నెలకోసారి గోరుతో గీకి చూడండి. డాబా మీద బిగిస్తే వేసవిలో పొద్దెక్కేసరికి గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, సూర్యుడికంటే ముందే ముగించుకోవాలి. వెదురు వాడేవాళ్లుంటే పగుళ్లు చూసుకుని, ముందు చేతులతో పూర్తి బరువు వేసి ఊగి పరీక్షించాకే కిందికి వాలాలి.

కడ్డీ లేకపోతే స్తంభానికి చుట్టిన తువ్వాలు ఉంది. బరువైన చెక్క భోజనబల్ల కింద పడుకుని దాని అంచు పట్టుకుని లాగవచ్చు, కానీ బల్ల తేలికదైతే మీదకు వస్తుంది. ప్లాస్టిక్ బల్లలను తాకవద్దు. దుప్పటి కొసన పెద్ద ముడి వేసి, తలుపు పైనుంచి అవతలకు వేసి, తలుపు మూసి లాగే పద్ధతి కూడా ఉంది. మనం లాగితే తలుపు ఇంకా బిగుసుకునే వైపే నిలబడాలి. తెరుచుకునే వైపు నిలబడి లాగితే వెనక్కి పడటం ఖాయం. మన పాత ఇళ్లలోని రెండు రెక్కల తలుపులు దీనికి అసలు పనికిరావు.

ఎంత చేయాలన్న ప్రశ్నకు జవాబు చిన్నది. పెద్ద కండరాలన్నిటికీ వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రో వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు, మూడేసి సెట్లు, అంటే ఆగకుండా లాగే మూడు విడతలు, సరిపోతాయి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా లాగగలిగే కోణం ఎంచుకోండి. ఇంకో రెండు లాగగలను అనిపించినప్పుడు ఆ సెట్టు ఆపాలి. సెట్ల మధ్య రెండు నిమిషాలు విరామం. లాగేటప్పుడు ఊపిరి వదలాలి, దిగేటప్పుడు పీల్చాలి. రక్తపోటు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టడం మంచిది కాదు. మూడు సెట్లలోనూ పన్నెండు దాటితే పాదాలు ముందుకు జరపండి. దండీలు మానక్కర్లేదు. ఎన్ని దండీలో అన్ని రోలు అనే లెక్క పెట్టుకుంటే ముందూ వెనకా సమంగా పెరుగుతాయి.

కోణం ఇచ్చే లాభం అయిపోయాక ఏం చేయాలన్నది మిగిలింది. మొదట పాదాలను స్టూలు మీద పెట్టాలి. అప్పుడు ఛాతీ కడ్డీకి తాకే స్థితిలో కూడా ఒళ్లు సమాంతరంగానే ఉంటుంది, కండరం బలహీనంగా ఉండే ఆ చివరి బెత్తెడులోనే పూర్తి బరువు పడుతుంది. తర్వాత పైన రెండు సెకన్లు ఆగడం, దిగడానికి నాలుగు సెకన్లు తీసుకోవడం. ఆ తర్వాత పుస్తకాలు నింపిన సంచిని ఛాతీ మీదికి వచ్చేలా తగిలించుకోవచ్చు. ఒంటి చేత్తో లాగడం చివరి మెట్టు. అక్కడ ఒళ్లు పక్కకు తిరిగిపోకుండా నడుము, పొట్ట గట్టిగా పనిచేయాలి, కాబట్టి మళ్లీ నిలువుకు దగ్గర కోణం నుంచి మొదలుపెట్టాలి.

పాదాలు స్టూలు మీద పెట్టి పన్నెండేసి చొప్పున మూడు సెట్లు శుభ్రంగా లాగగలిగినవాళ్లు పుల్-అప్‌కు, అంటే కడ్డీకి వేలాడి గడ్డం కడ్డీ దాటేలా ఒంటిని పైకి లాగడానికి, వెళ్లవచ్చు. కానీ రోలో మడమలు మోసే వాటా అక్కడ ఉండదు, అరవై కిలోలకు అరవై కిలోలూ చేతులదే. అందుకే చాలామందికి మొదట ఒకటో రెండో వస్తాయి. స్టూలు ఎక్కి గడ్డం కడ్డీ పైన ఉంచి, అయిదారు సెకన్లలో నెమ్మదిగా దిగడంతో మొదలుపెడితే మిగతావి వస్తాయి. అవి వచ్చాక రోను వదిలేసేవాళ్లున్నారు, వదలకూడదు. పుల్-అప్‌లో లాగేది పైనుంచి కిందికి, ప్రధానంగా లాట్స్‌తో. రెక్క ఎముకలను వెన్ను దగ్గరకు చేర్చే కండరాలకు ఎదురు నుంచి లాగే రోలో దొరికినంత పని అక్కడ దొరకదు.